ఆరున్నర ఈల

ఒంటిమిట్ట కోదండరాముడి మీద ఒట్టు. ఈ కింద రాసిన ప్రతి ముక్కా నిజం. రాముడొక్కడు చాలడంటే మా అమ్మ మీద కూడా వేద్దును గానీ, నా ఎనిమిదో ఏటనే ఆమె "నువ్వేసే ఒట్లకు నేను దినానికి మూడుసార్లు సావాల్రా" అని, ఇక తన మీద ఒట్టు వేయనని నా చేతనే ఒట్టు వేయించుకుంది. కర్నూల్లో నన్నెరిగినవాళ్లు ఈపాటికే నవ్వుతుంటారు. నవ్వనీండి. తుంగభద్రలో నేను పట్టిన చేప గురించీ, గడియారం చూసి పనిలోంచి దిగే మా పెదనాయన ఎద్దు గురించీ నేను చెప్పినవి ఎవరూ నమ్మనక్కర్లేదు. ఈ మనిషి సంగతి వేరు. ఈయన దగ్గర కోతలు కోయాలంటే నాకు చెయ్యి రాదు.

పోయిన నెల కడపలో ఒక పాత సామాన్ల అంగట్లో స్కూటరు అద్దం కోసం వెతుకుతుంటే, తుప్పు తాళాల మధ్య ఒక గాజు బుడ్డి కనపడింది. పిడికిలంత లావు, నెత్తిన చిన్న లోహపు టోపీ, అడుగున ఐదు కాళ్లు. అంగడాయన నా చూపు కనిపెట్టి, "పాత జమానా బల్బు సార్, షోకేసులో పెట్టుకోండి, మంచి షోగా ఉంటాది" అన్నాడు. అది బల్బు కాదు. రేడియో ట్రాన్స్‌మిటర్‌లో వాడే వాల్వు, ఎనిమిదొందల ఏడు దాని పేరు. తిప్పి చూశాను. నల్లటి అడుగు మీద ఇంకా నల్లటి చుక్క ఒకటి. గోటితో గీకితే లోపల ఎర్రగా కుంకుమ.

వాల్వుకు బొట్టు పెట్టే మనిషిని నా బతుకులో ఒక్కణ్ణే చూశాను.

ఆయనది నందికొట్కూరు. మేకులు, గొలుసులు, బావి గిలకలు, పారలు అమ్మే ఇనుప సామాన్ల కొట్టు. ఊరికంతా శెట్టి, నాకు శెట్టిమామ. అసలు పేరు రాయను, రాస్తే ఆయనకు నచ్చదు. ఆయుధపూజ నాడు బజారంతా తక్కెళ్లకూ లారీలకూ బొట్లు పెడుతుంటే, ఈయన కొట్టు వెనక గదిలోకి పోయి ట్రాన్స్‌మిటర్ మూత విప్పి, ఒక్కొక్క వాల్వునూ పెరికి అడుగున కుంకుమ పెట్టి మళ్లీ గుచ్చేవాడు. ఆ వేడికి అది మర్నాటికే మాడిపోయేది.

హామ్ రేడియో అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పరీక్ష రాసి సర్కారు దగ్గర లైసెన్సు తెచ్చుకుంటే, సొంత సెట్టు పెట్టుకొని ఇంట్లోంచే దేశంలోనూ పక్క దేశాల్లోనూ ఎవరితోనైనా గాలిలో మాట్లాడుకోవచ్చు. ఒక్కొక్కరికీ ఒక పిలుపుగుర్తు ఇస్తారు, గాలిలో అదే మన పేరు. నాకూ ఒకటుంది. అది నాకు వచ్చేలా చేసినవాడు ఆయనే. ఆయన సెట్టు అంగట్లో కొన్నది కాదు. పాత మిలిటరీ సామాన్లు తెచ్చి, ట్రాన్స్‌ఫార్మర్లు తనే చుట్టి, ఎప్పుడో కుర్రతనంలో కట్టుకున్నది. బీరువాలో సగం ఎత్తు. ఏ.ఎం. అనే పాత పద్ధతిలో పనిచేసేది. దేశమంతా ఆ పద్ధతిని వదిలేసి పాతికేళ్లైనా ఆయన వదల్లేదు.

వాల్వు సెట్టు మీట వేయగానే మాట్లాడదు. లోపలి తీగ ఎర్రబడేదాకా అర నిమిషం ఆగాలి. తొందరపడి పై కరెంటు ఇస్తే వాల్వుకు ఆయుష్షు తగ్గుతుంది. ఈ అర నిమిషం ఆయన ఒంటికి కూడా పట్టేసింది. ఏదడిగినా మన మొహం చూస్తూ ఆగి, ఆగి, అప్పుడు జవాబిచ్చేవాడు. ఒకసారి ఒక రైతు వచ్చి, "శెట్టీ, మూడంగుళాల మేకులుండాయా?" అన్నాడు. ఈయన చూస్తూ కూర్చున్నాడు. రైతు విసుక్కొని ఎదురు కొట్లో కొనుక్కొని, పోతూ పోతూ "వద్దులేప్పా, దొరికినాయి" అన్నాడు. అప్పుడు ఈయన నోరు తెరిచాడు.

"ఉండాయి."

వాళ్లావిడ, అంటే నేను అత్తా అని పిలిచే ఆమె, దీన్ని మించినది చెప్పేది. "పెండ్లిచూపుల్లో మా నాయన 'పిల్ల నచ్చినాదా' అని అడిగితే కండ్లు తెరుచుకోని కూసున్న్యాడు. మా నాయన లేచి చెప్పులేసుకోని వాకిలి దాటినంక 'నచ్చినాది' అన్న్యాడు. అప్పుడే అనుకోవల్సింది నేను, ఈ మనిషితో గొడవ పడేది కూడా కుదరదని."

ఆమె దగ్గర ఇంకో కథ ఉంది, చీర కథ. ఆయన ఏరియల్ అంటే మిద్దె మీద ఈ కొస నుంచి ఆ కొసకు అరవై ఆరు అడుగుల రాగి తీగ. ఒక శుక్రవారం ఈమె తలంటుకొని, తడిచీర తీసుకుపోయి దానిమీద ఆరేసింది. ఆ పూట సిలోన్ ఆసామి ఒకాయన ఎన్నడూ లేనంత బాగా వినపడుతున్నావని మెచ్చుకున్నాడు. ఈయన అర నిమిషం ఆలోచించి మిద్దెక్కి చూసి, దిగి వచ్చి, "ఆ చీర తీయద్దు" అన్నాడు. అప్పట్నుంచి వారం దినాలు ఆకుపచ్చ చీరా ఎర్ర చీరా తడిపి వేయించి, దేంతో ఎంత దూరం పోతుందో పరీక్ష చేశాడు. నమ్మకపోతే మీ ఇష్టం. వేరుశనక్కాయల డబ్బా గురించైనా నమ్మండి. ట్రాన్స్‌మిటర్ మూత మీద ఒక రేకు డబ్బాలో కాయలుండేవి. వాల్వుల వేడికి వేగేవి. ఎవరితో ఎంతసేపు మాట్లాడాడో కాయ కొరికి చెప్పొచ్చు. నలభై నిమిషాలైతే కరకరలాడేది. పది నిమిషాలదైతే, "ఈ పొద్దు సరైనోడు దొరకలేదు" అని పచ్చి కాయే చేతిలో పెట్టేవాడు.

ఎదురింటి పెండ్లి సంగతి ఊరంతటికీ తెలుసు. ఆయన సెట్టుకు మైకుసెట్లలో దూరే గుణం ఉండేది. ముహూర్తానికి తాళిబొట్టు ఎత్తి అందరూ నిశ్శబ్దంగా ఉన్న సమయంలో, పందిట్లో కట్టిన గొట్టాల్లోంచి ఈయన గొంతు వచ్చింది: "పిలస్తాండా, పిలస్తాండా, ఎవురన్నా ఉండారా, ఓవర్." పెండ్లికూతురు తండ్రి లేచి, "అందరమూ ఈడే ఉండాము శెట్టీ, నువ్వొక్కనివే రాలేదు!" అని కేకేశాడు.

నేను ఏ.ఎం. నేర్చుకున్నది ఆయన దగ్గరే. తెరిచిన ట్రాన్స్‌మిటర్‌లో చెయ్యి పెట్టేటప్పుడు ఆయన ఎడమ చెయ్యిని పంచెకట్టులోకి, నడుము వెనక్కి దోపుకునేవాడు. లోపల ఆరొందల ఓల్టులుంటాయి. రెండు చేతులూ పెడితే ఒక చేతినుంచి రెండో చేతికి గుండెమీదుగా పోతుంది. "దానికి పని లేదు, ఆడ కూసోనీ" అనేవాడు ఎడమచేతిని గురించి, సోమరి కొడుకును గురించి చెప్పినట్టు.

ఒక పొద్దు నేను కొత్త సెట్టు కొంటానని చెప్పాను. జపాన్‌ది, చేతిలో పట్టుకుపోయేంత చిన్నది, సింగిల్ సైడ్‌బ్యాండ్. ఆయన ఆగి ఆగి అన్నాడు:

"మాటకు ఒక బండి ఉంటాదప్పా. నా పెట్టె బండి కట్టి, దాని మీద మాటను పంపిస్తాది. అందుకే కరెంటు శానా తింటాది. నువ్వు కొనేది బండిని, ఎద్దులను అమ్మేసి మూట నెత్తిన పెట్టుకోని ఉరుకుతాది. దూరం పోతాది, కాదనను. అయితే నువ్వు మాట్లాడేది ఆపినావనుకో, ఆడ ఏమీ ల్యా. నువ్వు సచ్చినావో, నీళ్లు తాగుతాండావో అవతలోనికి తెలీదు. నా దాంట్లో నేను నోరు మూసుకున్నా బండి పోతానే ఉంటాది. వట్టి బండి సద్దు ఇనపడతాది. వీడు ఉండాడు అని తెలుస్తాది."

"మాట్లాడకుండా ఉండేదానికి రేడియో యాల మామా?"

ఆయన దీనికి జవాబివ్వలేదు. అర నిమిషం దాటాక కూడా ఇవ్వలేదు.

నిజానికి జవాబు నాకు తెలుసు. రోజూ పొద్దున ఆరున్నరకు మా ఇద్దరికీ గాలిలో ముచ్చట ఉండేది, ఆయన నందికొట్కూర్లో, నేను కర్నూల్లో. ఆయన మీట వేయగానే నా రేడియోలో గరగర తగ్గిపోయి, ఎవరో తలుపు మూసినట్టు ఒక నెమ్మది వచ్చేది. ఆ నెమ్మదిలో ఆయన గదంతా వినపడేది. గోడగడియారం, కుర్చీ కిర్రుమనడం, కొట్లో ఎవరో గొలుసు కిందపడేయడం. తర్వాత గొంతు:

"ఈడ ఆకాశం కడిగిన పళ్లెం మాదిరి ఉండాది. నీ దిక్కు మబ్బు ఏమన్నా కనపడతాండాదా, ఓవర్."

"రాత్రి రెండు చినుకులు పడినాయి మామా, ఓవర్."

"రెండేనా, సరిగ్గా ఎంచినావా? మూడోది ఎవురింట్లో పడిందో కనుక్కో, ఓవర్."

రూల్సు విషయంలో మాత్రం ఆయనతో ఆటలు లేవు. లైసెన్సును ఫ్రేము కట్టించి లక్ష్మీదేవి పటం పక్కన తగిలించాడు. లైసెన్సు లేని గొంతు గాలిలోకి పోకూడదు. అందుకని మీట వేసే ముందు చెయ్యి పైకెత్తేవాడు, అత్త ఏం చెబుతున్నా మధ్యలోనే ఆపేయాలి. "పప్పు మాడతాండాదని చెప్పేదానికీ సర్కారు పర్మిషన్ కావల్లనంట నాకు!" అని ఆమె నా దగ్గర మొత్తుకునేది. ఇంకో రూలు, పిలుపుగుర్తు చెప్పకుండా గాలిలోకి రాకూడదు. "పేరు చెప్పకుండా వాకిలి తట్టేవోడు దొంగన్నా కావల్ల, దయ్యమన్నా కావల్ల" అనేవాడు. ఎవరినైనా పిలిచేటప్పుడు ముందు వాళ్ల గుర్తు చెప్పి, తర్వాత మన గుర్తు చెప్పాలి. గొంతు వీలుకాకపోతే మీటను టకటకలాడించి మోర్స్ కోడ్‌లో చుక్కలుగా గీతలుగా కొట్టినా చెల్లుతుంది. ఇదంతా నాకు ఆయన చెప్పి చెప్పి నోటికి వచ్చేసింది. నోటికి వచ్చినదాన్ని మనం పట్టించుకోం.

జపాన్ పెట్టె వచ్చింది. తీసుకుపోయి చూపించాను. ఆయన దాన్ని నాలుగు వైపులా చూసి, "బాగుండాది. ఎర్రగా కాలేది ఏదీ కనపడదే దీంట్లో" అన్నాడు.

"ఏ.ఎం. మీట కూడా ఉండాది మామా, ఇదో. ఆరున్నరకు దీంట్లోనే వస్తా."

ఒక నెల వచ్చాను. తర్వాత వారానికి రెండుసార్లు. ఈలోగా ఆ కొత్త సెట్టు మీద నాకొక గుంపు తయారైంది. ఒంగోలు, వరంగల్లు, బెంగుళూరులో ఉండే తెలుగువాళ్లు, ఆరేడుగురం. వాళ్లు నా కథలకు పగలబడి నవ్వేవాళ్లు. నవ్వేవాళ్లు దొరికితే నాలాంటివాడికి ఇంకేం కావాలి? ఆరున్నరకు మా గుంపు కూడేది. మామకు చెప్పుకుందాంలే, పోయి వద్దాంలే అనుకుంటూ ఏడాది దాటిపోయింది. చేతికొక సెల్‌ఫోను వచ్చిన రోజులవి. ఆయన సెల్లు కొనలేదు, నేను కొట్టుకు ఫోను చేయలేదు.

చలికాలం పోయే రోజుల్లో గాలిలో మా గుంపు ఉండే జాగాలో, అంటే ఆ ఫ్రీక్వెన్సీలో, రద్దీ ఎక్కువైందని ఇంకో జాగాకు జరిగాం. అక్కడ మొదటి పొద్దే ఒక ఈల మొదలైంది. సన్నగా, విడవకుండా, మా మాటల మధ్యలో. మధ్యమధ్య తెగుతూ మళ్లీ వస్తూ. అప్పుడు అందరికంటే ముందు నోరు విప్పినవాణ్ణి నేనే.

"ఎవురప్పా అది, కుక్కరు పెట్టి స్టవ్వు కట్టేయకుండా పోయినోళ్లు?"

ఒంగోలాయన దగ్గుపట్టేదాకా నవ్వాడు. రెండోనాడూ వచ్చింది. "పప్పు ఉడికిందమ్మా, దించు!" అన్నాను. మూడోనాడు ఈల తెగి తెగి వచ్చింది. "అయ్యో, కుక్కరుకు ఎక్కిళ్లు! ఎవురన్నా నీళ్లు తాపండి!" అన్నాను. అది మా గుంపులో సామెత అయిపోయింది. వారం తిరిగేసరికి నాకు జోకులు అయిపోయి కోపం మొదలైంది. ఎనిమిదోనాడు గొంతు మార్చి, గట్టిగా చెప్పాను. "ఎవురైనా సరే, వింటాండారనుకుంటా. పేరు చెప్పకుండా గాలిలోకి వచ్చేది నేరం. రేపు కూడా ఈ ఈల ఉండిందంటే, సర్కారు మానిటరింగ్ వాళ్లకు రాసి లైసెన్సు పీకిస్తా."

తొమ్మిదోనాడు ఈల లేదు. గుంపంతా నన్ను మెచ్చుకుంది.

వాల్వు సెట్టు తెలిసినవాళ్లు ఈపాటికే పసిగట్టి ఉంటారు. సింగిల్ సైడ్‌బ్యాండ్ పెట్టెలో వింటే ఏ.ఎం. వాళ్ల వట్టి బండి ఈల మాదిరే వినపడుతుంది. ఒక్క మీట నొక్కి ఏ.ఎం.కు మార్చుకుంటే ఈల పోయి, నెమ్మది వస్తుంది. ఆ మీట నా కుడిచేతికి జానెడు దూరంలో ఉంది. ఇంకొకటి. ఆయన సెట్టులో ఉన్నది ఒకే ఒక్క క్రిస్టల్. అంటే ఆయన గాలిలో ఒక్క జాగాలోనే ఉండగలడు, నందికొట్కూరు బజారులో ఆయన కొట్టులాగే. జరగమంటే జరగలేడు. ఆ జాగా అంకె నాకు తెలుసు, కొన్నేళ్లపాటు రోజూ పోయిన ఇల్లు అది. మేమే పోయి ఆయన గడప మీద కూర్చుని, ఎవరీ అడ్డం అని ఆయన్నే అడిగాం.

ఆ తర్వాత నాలుగు రోజులకు వేరే పనిమీద నందికొట్కూరు పోయాను. కుక్కరు కథ శెట్టిమామకు చెప్పాలని బస్సు దిగినప్పటి నుంచీ నాకు ఒకటే ఆత్రం. ఆయనకు తప్ప ఇంకెవరికీ అందులోని మజా తెలియదు కదా అనుకున్నాను.

ఆయన ఎప్పటిలాగే కొట్లో చాప మీద గోడకు ఆనుకొని కూర్చున్నాడు. కుడి భుజం మీద దుప్పటి. ఎడమ చెయ్యి తక్కెడ పళ్లెం మీద.

"ఏం మామా, బాగుండావా?"

చూస్తున్నాడు. సరే, ఆ అర నిమిషం అందరికీ తెలిసిందే కదా, నేను ఆగలేదు. మొదలుపెట్టేశాను. ఈల ఎలా వచ్చిందో నోట్లో వేళ్లు పెట్టుకొని వేసి చూపించాను. ఎక్కిళ్లు కూడా వేశాను. మేకులు కొంటున్న ఇద్దరు నవ్వారు. ఒంగోలాయన దగ్గు, నా బెదిరింపు, తొమ్మిదోనాటి నిశ్శబ్దం, అన్నీ వరసగా, అభినయంతో. నా బతుకులో అంత బాగా ఏ కథా చెప్పలేదు. ఆయన నా మొహం మీదనుంచి చూపు తీయలేదు.

అత్త వెనక గదిలోంచి మజ్జిగ గ్లాసు పట్టుకొని వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

"ఆ కుక్కరు మా ఇంట్లోదే నాయనా" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పుడు చూశాను ఆయన మూతి ఒక పక్కకు జారి ఉండటం.

"కార్తీకంలో పడిపోయినాడు. కుడి చెయ్యి, కాలు, మాట, మూడూ పాయె. మీ ఊర్లోనే ఆసుపత్రిలో పదకొండు దినాలుండాము. నీకు చెప్పి పంపుదామంటే వద్దని చెయ్యూపినాడు. ఇంటికొచ్చినంక మాత్రం ఆరున్నరకు లేపి ఆ పెట్టె ముందర కూసోబెట్టాల. ఎడమచేత్తో మీట ఏసి, అట్లే ఉంటాడు. నేను పక్కన కూసుంటా, నోరు మూసుకోని. ఇద్దరమూ మూగోళ్లమే." మజ్జిగ గ్లాసును ఆమె తక్కెడ పక్కన పెట్టింది. "ఒక దినం రేడియోలో నీ గొంతు ఇనపడినాది. మీ కొత్త పెట్టెల మాటలు మా దాంట్లో బాతులు అరిచినట్ల ఇనపడతాయి, నాకు తెలీవు గానీ, ఆయనకు తెలిసినాది నువ్వేనని. నా మోకాలి మీద తట్టినాడు, వచ్చినాడు సూడు అన్నట్ల. మీరంతా నవ్వుతాండిరి. ఎందుకో తెలీకపాయె, నేనూ నవ్వితి. మధ్యమధ్య ఆ మీటను టకటకలాడించె. ఎనిమిదో దినం ఉన్నట్టుండి అన్నీ కట్టేసె. ఎందుకని అడిగితే చెప్పలేడు కదా. ఇంతవరకూ నాకు తెలీదు." ఆమె నా వైపు చూసింది. "ఇప్పుడు తెలిసె. నువ్వు శానా బాగ చెప్తివి."

ఆమె ఇంకా ఏదో అనబోయింది. ఆయన ఎడమ చెయ్యి పైకెత్తాడు. మీట వేసే ముందు ఎత్తినట్టే. ఆమె ఆగిపోయింది.

వెనక గదిలోకి పోయాను. సెట్టు మీద పాత చీర కప్పి ఉంది. గోడమీద లక్ష్మీదేవి పక్కన మేకు ఒక్కటే ఉంది. ఫ్రేమును తీసి చీర మీద బోర్లా పెట్టారు. లైసెన్సు పీకిస్తానన్నాను కదా, ఆయనే తీయించేశాడు.

ఆయన్ను నడిపించుకొని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది అత్త. నేను నేలమీద కూర్చున్నాను.

"మామా, ఆ మాట ఊరికే అన్న్యా. ఎవురికీ రాయలేదు, రాయను. నువ్వు రూలు కూడా తప్పలేదు. ఆ టకటక నీ పిలుపుగుర్తే కదా? నాకే చదవబుద్ధి కాలేదు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. నా చెయ్యి లాక్కుని, అరచేతిలో ఎడమ చూపుడువేలితో కొట్టడం మొదలుపెట్టాడు. చుక్క, చుక్క, చుక్క, గీత. వేలు వణికి చుక్కలు గీతలవుతున్నాయి, గీతలు మధ్యలో విరుగుతున్నాయి. మూడుసార్లు కొడితే గానీ నాకు అర్థం కాలేదు. ఆయన గుర్తు చివర వచ్చింది. దానికి ముందు వచ్చింది నా గుర్తు. ఎనిమిది పొద్దులూ ఆయన చేసింది నన్ను పిలవడం. రూలు ప్రకారమే. ముందు పిలిచేవాళ్ల గుర్తు, తర్వాత మనది.

నేను అక్కడ ఏమన్నానో రాయను. చివరికి ఒక్కటే అడిగాను. "రేపటినుంచి ఆరున్నరకు ఏ.ఎం.లో కూసుంటా మామా. నువ్వు మాట్లాడద్దు, ఏమీ కొట్టద్దు. వట్టి బండి తోలు చాలు. వస్తావా?"

ఆయన నా మొహం చూస్తూ కూర్చున్నాడు. అర నిమిషం అయింది. బస్సు టైము కూడా అయింది. నేను లేవలేదు. ఆ బస్సు పోయింది, తర్వాతది కూడా పోయింది. జవాబు రాలేదు.

మర్నాటినుంచి గుంపుకు పోవడం మానేశాను. ఆరున్నరకు ఆ జాగాకు వచ్చి, ఏ.ఎం. మీట నొక్కి, ముందు ఆయన గుర్తు, తర్వాత నా గుర్తు చెప్పి, కాసేపు ఏమీ మాట్లాడకుండా నా బండిని వట్టిగా తోలేవాణ్ణి. తర్వాత ఆపి వినేవాణ్ణి. గరగర తప్ప ఏమీ ఉండేది కాదు. అలా వారం పైన జరిగాక ఒక పొద్దు, గరగర ఉన్నట్టుండి తగ్గింది. తలుపు మూసినట్టు నెమ్మది వచ్చింది. గోడగడియారం. కుర్చీ కిర్రు. కిటికీ దగ్గరెక్కడో ఒక పిచ్చుక. అత్త గాజులు ఒక్కసారి గలగలలాడి, వెంటనే ఆగిపోయాయి, ఆయన చెయ్యి ఎత్తినట్టుంది. పది నిమిషాలు ఆయన అలాగే ఉన్నాడు. నేనూ ఊపిరి గట్టిగా తీయకుండా కూర్చున్నాను. చివర్లో నాలుగు చుక్కలో గీతలో వచ్చి, నెమ్మదిగా గరగర మళ్లీ పైకి లేచింది.

ఆ ఎండాకాలంలోనే ఆయన పోయాడు.

ఒట్టు సంగతి తేల్చకుండా లేవడం ధర్మం కాదు. చీర నిజం, కాయలు నిజం, పందిట్లో గొంతు నిజం. మీరు నవ్వి, వీడు కోస్తున్నాడు అనుకున్న చోటల్లా నేను కోయలేదు. ఎక్కడ నవ్వకుండా నమ్మారో అక్కడే కోశాను. గరగర తగ్గిన ఆ పొద్దు అసలు రానేలేదు. వారం కాదు, మూడు నెలలు కూర్చున్నాను. రోజూ ముందు ఆయన గుర్తు, తర్వాత నా గుర్తు, తర్వాత వట్టి బండి. అవతలినుంచి ఒక్కసారి కూడా ఏమీ రాలేదు. ఆయన సెట్టు మీది ఆ చీర తీయనివ్వలేదు.

అయితే ఆ గదిలో రెండు పెట్టెలుండేవి. పంపేది వేరు, వినేది వేరు. పంపేదానికి చీర కప్పినా, వినేది పెట్టుకొని ఉండొచ్చు కదా. దినాల నాడు అందరూ భోజనాలకు లేచాక అత్తను పక్కకు పిలిచి అడిగాను.

"పొద్దున పూట ఆ రేడియో పెట్టుకుంటాండెనా అత్తా? మాట్లాడేది కాదు, ఇనేది?"

ఆమె చాలాసేపు నా మొహం చూసింది. అన్నేళ్ల కాపురంలో ఆ అలవాటు ఆమెకూ అంటుకున్నట్టుంది.

"పెట్టుకునె అని చెప్పల్లనా, లేదని చెప్పల్లనా? నీకేది కావల్లనో అడుగు నాయనా, అదే చెప్తా. కతలు కట్టేది నీకొక్కనికే వచ్చా ఏంది?"

నేను ఏదీ అడగలేదు. ఆ సాయంత్రం బస్సు ఎక్కి కర్నూలు చేరేలోపల ఆ పొద్దును నేనే కట్టుకున్నాను, పిచ్చుకతో సహా.